నూట పదిహేడు రోజుల బీటె

1966 సెప్టెంబరు 26, సోమవారం, పొద్దున పదిన్నర. మా అన్న బెంగళూరు రైలు దిగి, ఇంటికి పోకుండా నేరుగా మిల్లుకు వచ్చాడు. హిందూపురంలో మా నాయనకు దుంగలు కోసే మిల్లు ఉండేది. దుంగల పుస్తకం రాసేది నేను. అన్న చేతిసంచి నా బల్ల మీద పెట్టి, ఆవరణలో పేర్చిన దుంగల దగ్గరికి పోయి, ఒక్కొక్కదాన్నీ నడిమి వేలి ఎముకతో తట్టడం మొదలుపెట్టాడు. రంపానికి పదును పెట్టడానికి రోజూ పదిన్నరకు మిషను ఆపేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో అతను తట్టిన చప్పుడు వినబడింది కాబట్టే సమయం ఇంత ఖాయంగా చెప్పగలుగుతున్నాను.

"ఏం వెతుకుతాండావు అన్నా?" అని అడిగాను.

"గొంతు," అన్నాడు తల తిప్పకుండా.

పోయిన నెల ఎనిమిదో తేదీన అన్న చనిపోయాడు. ఎనభై ఆరేళ్లు. శ్మశానం నుంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ మగవాళ్లు అనుకున్నారు: "కట్టెలు పచ్చివబ్బా. రెండు క్యాన్ల డీజిలు పట్టింది." యాభై ఏళ్లు కట్టెల డిపో నడిపిన మనిషికి పచ్చి కట్టెలు. ఆ మాటకు ఇంట్లో ఎవరూ తల ఎత్తలేదు. ఆ మాట తగలాల్సినవాళ్లలో బతికున్నది నేనొక్కదాన్నే.

అన్న విద్య అంతా ఆ వేలి ఎముకలో ఉండేది. ఎక్కడికి పోయినా తట్టేవాడు. పెండ్లిచూపులకని రొళ్ల అనే ఊరికి తీసుకుపోతే, పిల్ల వచ్చి కూర్చునే లోపలే వాళ్ల నడవలోని స్తంభం తట్టి, "ఇది వేప కాదు. వేప అని చెప్పి ఎవురో మిమ్మల్ని మోసం చేసినారు," అన్నాడు. ఆ సంబంధం కుదరలేదు. హోటల్లో బల్ల తట్టేవాడు, బస్సులో కిటికీ చట్రం తట్టేవాడు. రంపపు పొట్టు చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. "వేప చేదు. మద్ది వగరు. చింత ఏమీ చెప్పదు, కడుపులో పెట్టుకుంటుంది," అనేవాడు.

మనుషులను కూడా మానుల లెక్కనే చూసేవాడు. నాయన చింతమొద్దు. ఎన్ని కత్తివేట్లు పడినా పగలదు, ఒక్క మాట పలకదు. నేను తుమ్మ. "గట్టిది, పురుగు పట్టదు. కాకుంటే పక్కన కూర్చోవాలంటే భయం," అని మిల్లు కూలీలందరి ముందర అనేవాడు. కూలీలు నవ్వేవాళ్లు.

నా పని వేరు. లారీ నుంచి దుంగ దిగగానే దాని తల మీద నంబరు వేయించి, పొడవు, నడుమ చుట్టుకొలత, వచ్చిన తేదీ పుస్తకంలో రాసేదాన్ని. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. పంతొమ్మిదేళ్లకు ఆ లెక్క కాగితం లేకుండా చేసేదాన్ని. అన్న నా పుస్తకాన్ని చూసి నవ్వేవాడు.

"మ్మే పాపా, నీ పుస్తకానికి చెవులుండాయా?"

"నీ చెవులకు తేదీలు తెలుసా?"

"మాను చెప్తుందిలే తన వయసు."

"చెప్తుంది. కోసి పాడు చేసినాక చెప్తుంది."

ఈ తగువు రోజుకొకసారైనా జరిగేది. అతనికది ఆట. నాకు కాదు.

ఆ ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలలు అన్న బెంగళూరులో ఒక ఇంటి తలుపుల పని మీద ఉన్నాడు. వినాయక చవితికి అక్కడ ఒక పందిట్లో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా పెట్టారు. అందులో ఒక మనిషి మెడలో నాలుగే నాలుగు లావు తీగలున్న గిటారు. దాన్ని బేస్ గిటారు అంటారట. మిల్లులో దుంగలన్నీ తట్టి వచ్చాక, నా బల్ల అంచున కూర్చుని దాని సంగతి చెప్పాడు.

"పాట చెవిలోకి వస్తుంది గదా పాపా. ఇది అట్ల కాదు. అరికాళ్లలోంచి ఎక్కుతుంది. నేల మాట్లాడినట్ల ఉండాది."

దాన్ని వాయించే మనిషి వచ్చే ఉగాదికి వేరే ఊరికి పోబోతున్నాడు. అన్న వరసగా నాలుగు రోజులు పందిట్లో ముందు వరసలో కూర్చుని, చివరికి ఆర్కెస్ట్రా పెద్దను పలకరించాడు. అన్న చిన్నప్పటి నుంచి భజనల్లో తంబుర మీటినవాడు, శ్రుతి బాగా తెలుసు. ఆ పెద్దాయన వినిపించుకున్నాడు. "వాయిద్యం నువ్వే తెచ్చుకో. ఉగాది తరవాత వచ్చే ఆదివారం వాయించి చూపించు. బాగుంటే ఈ చోటు నీది," అన్నాడట. అలాంటి గిటారు కొనాలంటే విదేశం నుంచి రావాలి. అన్నకు అదొక అడ్డంగా కనబడలేదు. "కొనేదేముంది? చెక్కే గదా," అన్నాడు.

నెలకు రెండు ఆదివారాలు బెంగళూరుకు పోయి ఆ బేస్ వాయించే మనిషి దగ్గరే వేళ్లు నడపడం నేర్చుకున్నాడు. మిగతా రోజుల్లో నులకమంచం పట్టె మీద వేళ్లు నడిపేవాడు. నాయన చూస్తూ ఉండేవాడు. 

నాకు అప్పగించింది మెట్ల లెక్క. వీణకు ఉన్నట్టే దీనికీ మెడ మీద ఇత్తడి మెట్లు ఉంటాయి. తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలు. అందులో పద్దెనిమిదో వంతు తీసిన చోట మొదటి మెట్టు. మిగిలిన పొడవులో మళ్లీ పద్దెనిమిదో వంతు తీస్తే రెండోది. అట్లా ఇరవై. పన్నెండో మెట్టు దగ్గర మిగిలిన పొడవు సరిగ్గా సగం, అంటే పదిహేడు రావాలని అన్న అన్నాడు. నాకు పదిహేడు అంగుళాలు, ఆ పైన అంగుళంలో నూరింట పన్నెండు వంతులు వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది.

"వేలు పెట్టి నొక్కితే తీగ రవ్వంత సాగుతుంది పాపా. ఆ ముక్క ఆడికి సరిపోతుంది," అని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మెట్ల కాడ నీదే పెత్తనం," అన్నాడు. నా లెక్కను అతను మెచ్చుకోవడం అదే మొదలు.

గిటారు ఒంటికి పనస కావాలన్నాడు. వీణకూ తంబురకూ పనసే వాడతారు. మా మిల్లుకు పనస వచ్చేది కాదు. పెనుకొండలో ఒక ఇంట్లో పాత పనస భోషాణం ఉందని ఎవరో చెబితే, కొలతలకని నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఇంట్లో ఒక అవ్వ తప్ప ఎవరూ లేరు. భోషాణం మూత రెండంగుళాల మందం. అన్న దాని మీద చెవి ఆనించి తట్టాడు. లేచి, అటుపక్కకు పోయి, మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ తట్టాడు.

"ఏమబ్బా, నా భోషాణంలో ఎవురన్నా ఉండారా?" అంది అవ్వ.

"ఉండారవ్వా. శానా ఏండ్లుగా పిలుస్తాండారు. నువ్వే పలకలే."

"నాకు చెవుడప్పా. దాంట్లో జొన్నలుండాయి. నీకేం కావాల చెప్పు."

"మూత."

"మూత నీకిస్తే, ఎలకలకు నువ్వొచ్చి కావలి పండుకుంటావా?"

ఎండిన వేపతో కొత్త మూత చేసి, ఇత్తడి బందులు బిగించి తెస్తే పాతది ఇస్తానంది. పదకొండో రోజున అన్న చేసి తీసుకుపోయాడు. అవ్వ కొత్త మూతను అతని మాదిరే వేలితో తట్టి, "ఇది ఊరకుంటుంది. ఇదే మేలు," అంది. వచ్చేటప్పుడు కండక్టరు మూతను బస్సు పైన వేయమన్నాడు. అన్న వినలేదు. హిందూపురం దాకా ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా పసిబిడ్డను ఎత్తినట్టు పైకెత్తి పట్టుకున్నాడు.

ఇక మెడ. అదే అసలు చిక్కు. నాలుగు లావు తీగలు కలిసి లాగితే ఎంత చెక్కైనా విల్లు మాదిరి వంగుతుంది. బెంగళూరు గిటారు మెడలోపల ఇనప కడ్డీ ఉందని అతనికి చెప్పారు. "చెక్క చేతగానోళ్లు ఇనుము పెడతారు," అని కొట్టిపారేశాడు. ఎన్నటికీ వంగని చెక్క ఎవరి దగ్గర ఉంటుందని ఆలోచించి, ధర్మవరం పోదాం పద అన్నాడు. పట్టుచీరల మగ్గంలో, నేసిన బట్టను చుట్టుకునే దూలం వెంట్రుకవాసి వంగినా చీర అంచు వంకర పోతుంది. నాయనకు తెలిసిన ఒక నేతగాడి ఇంట్లో, ఆయన తాత కాలం నాటి దూలం పని తప్పి గోడకు ఆనించి ఉంది. అన్న తట్టాడు. మొహం చిన్నబోయింది.

"ఇది మూగదే."

నేతగాడు నవ్వాడు. "పాడేదాన్ని మగ్గానికి ఎవురు పెడతారప్పా? మోసేదాన్ని పెడతారు. నీ గిటారుకు ఒళ్లు పాడాల. మెడ నోరు మూసుకుని మోయాల."

అన్న దూలం మీది చెయ్యి తీసి, ఆయన వైపు తిరిగి విన్నాడు. చెక్క విషయంలో ఇంకొకరు చెప్పింది అతను అట్లా నిలబడి వినడం నేను అంతకుముందు చూడలేదు. చివరికి, "ఇది ఇస్తావా?" అని అడిగాడు.

"మగ్గం చెక్క మా గడప దాటదు. మా తాత చెయ్యి కోసియ్యమన్నట్ల ఉండాది నీ అడగడం. మాట కావాలంటే ఇస్తా, తీసుకుపో. బీటె పెట్టు. రెండు ఎండలు, రెండు వానలు నీడలో చూసిన బీటె. దానికి తక్కువైతే ముట్టుకోవద్దు."

బీటె అంటే మలెనాడు అడవుల నుంచి వచ్చే నల్లటి బరువైన కలప. మా మిల్లులో అప్పుడు బీటె దుంగలు రెండే ఉన్నాయి. ఒకటి రెండేళ్ల కిందట వచ్చింది. దాన్ని నాయన ఒకరి ద్వారబంధానికి మాట ఇచ్చి పక్కన పెట్టించాడు. రెండోది 88 నంబరుది. అన్న బెంగళూరులో ఉన్నప్పుడు, ఆగస్టు 17న లారీ దిగింది. నంబర్లు ఏటేటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి నంబరును బట్టి వయసు తెలియదు. పగుళ్లు రాకుండా దుంగ రెండు తలలకూ తారు పూసి ఉంటుంది కాబట్టి లోపలి తడి కంటికి తెలియదు. దుంగలను వారం వారం తిరగేసి పేరుస్తారు కాబట్టి ఏది ఎప్పుడొచ్చిందో అన్నకు కూడా గుర్తుండదు. తేదీ తెలిసేది పుస్తకంలోనే.

డిసెంబరు 11, సాయంత్రం, నాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వాడు రేపు బీటె అడుగుతాడు. ఎండింది నేనియ్యను. పచ్చిదాన్ని చూపించి, రెండేండ్లయిందని చెప్పు."

"తప్పు గదా నాయనా."

"వాడు పోతే ఈ రంపం ఎవురు చూస్తారు? నువ్వు చూస్తావా? ఇంకో ఇంటికి పోయేదానివి."

మరుసటి రోజు అన్న 88 నంబరు దుంగ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తట్టాడు. చెవి పెట్టాడు. మళ్లీ తట్టాడు.

"గొంతు బరువుగా ఉండాది పాపా. లోపల నీళ్లున్నట్ల. ఎప్పుడొచ్చింది ఇది?"

పుస్తకం నా ముందు మూసి ఉంది.

"రెండేండ్లయింది," అన్నాను.

"పుస్తకం చూసి చెప్తాండావా?"

"నాకు చూడాల్సిన పని లేదు."

ఇంకోసారి తట్టబోయి వేలు వెనక్కి తీసుకున్నాడు. "నా చెవికేమో తడిగా వినిపిస్తాంది. చలికి అట్ల ఉండాదేమోలే. నీ తేదీ ఎప్పుడూ తప్పలేదు. నీ మాటే ఖాయం," అన్నాడు. కూలీలు వింటున్నారు. ఎవరూ నవ్వలేదు. అతను తన చెవిని కాదని నా పుస్తకాన్ని నమ్మాడు. నేను గెలిచాను, అది నాకు బాగుంది. నాయన చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను అంటే సగమే నిజం. మిగతా సగం ఇది.

ఆగస్టు 17 నుంచి డిసెంబరు 12కు నూట పదిహేడు రోజులు.

1967 ఫిబ్రవరి 20న గిటారు తయారైంది. కూలీలు దానికి దొడ్డ గిటారు అని పేరు పెట్టారు. తీగల మోతను పట్టి మైకుకు పంపడానికి, రేడియోలు బాగుచేసే ఆయన అయస్కాంతానికి సన్నని రాగితీగ చుట్టి ఇచ్చాడు. పెండ్లిళ్లకు మైకుసెట్టు పెట్టేవాళ్ల పెట్టె ఒకటి తెచ్చి దానికి కలిపారు. మధ్యాహ్నం అన్నాల వేళ మిషను ఆగాక అన్న ఒకే ఒక తీగ మీటాడు. పొట్టు కుప్ప పైనుంచి సన్నపొట్టు జారింది. నా బల్ల మీద సిరాబుడ్డి వణికింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకున్న కూలీ ఒకడు, "ఏందినా ఇది, గూడ్సుబండి వస్తాందా?" అన్నాడు.

"కాదబ్బా. పెనుకొండ అవ్వ జొన్నలు పిలుస్తాండాయి," అన్నాడు అన్న. అతను అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

నాయన మడిచిన తమలపాకు నోట్లో పెట్టుకోకుండా అట్లే నిలబడి విన్నాడు. "బాగా చేసినాడు," అని నాతో మెల్లగా అన్నాడు. నా వైపు చూడలేదు. బెంగళూరు ఆదివారానికి ఇంకా యాభై అయిదు రోజులున్నాయి. ఎండిన బీటెతో వేరే మెడ చేయడానికి ఇరవై రోజులు చాలు. ఆ తీసివేత అక్కడే నిలబడి చేశాను. చెప్పలేదు.

శివరాత్రి పోయాక ఎండ ముదిరింది. మెడ మొదట వంగింది, తరవాత మెలిక తిరిగింది. తీగకూ మెట్లకూ నడుమ సందు మొదట్లో పోస్టుకార్డు దూరే అంత ఉండేది. ఏప్రిల్ వచ్చేసరికి బొటనవేలు దూరింది. అన్న తడిగుడ్డలు చుట్టాడు. తిరగేసి రాళ్లు వేలాడదీశాడు. మెట్లు పీకి, చదును చేసి, మళ్లీ కొట్టాడు. ఒకరోజు దాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, "రెండేండ్ల బీటె ఇట్ల పోతుందా పాపా? నేనే సన్నగా చెక్కినట్లుండాను," అన్నాడు. నన్ను నిలదీయడం కాదు. తన చేతిపనిలో తప్పు వెతుక్కుంటున్నాడు. ఇనప కడ్డీ పెట్టి ఉంటే నిలిచేదేమో అని నేను కొన్నేళ్లు నన్ను నేను సమాధానపరచుకున్నాను. పచ్చి చెక్కను కడ్డీ ఎంత ఆపుతుందో నాకు తెలియకపోలేదు.

ఏప్రిల్ 16, ఆదివారం, బెంగళూరు. నేను పోలేదు. తోడు పోయిన రేడియో ఆయన చెప్పింది రాస్తున్నాను. అయిదుగురు ఎదురుగా కూర్చున్నారు. అన్న వాయించాడు. వేళ్లు సరిగ్గానే పడ్డాయి, నొక్కిన ప్రతి మెట్టూ తప్పు పలికింది. ఆర్కెస్ట్రా పెద్ద గిటారు తీసుకుని, ఒక కన్ను మూసి మెడ వెంబడి చూసి, కన్నడంలో అడిగాడట: మీది కలప మిల్లు కదా, పచ్చి చెక్కేదో ఎండు చెక్కేదో తెలియదా నీకు? కూర్చున్నవాళ్లు నవ్వారు. వాయించడం రాదని అని ఉంటే అన్న తట్టుకునేవాడు.

సోమవారం పొద్దున మిల్లుకు వచ్చాడు. 88 నంబరు దుంగలో మిగిలిన ముక్క దగ్గర కూర్చుని, తల మీది తారు ఉలితో గీకి, వేలితో తడిమాడు. లేచి నా బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం తెరిచాడు. నేను అడ్డుపడలేదు. పేజీలు తిప్పి 88 నంబరు దగ్గర వేలు పెట్టాడు. ఆగస్టు 17. నా చేతిరాతే, కొట్టివేత లేకుండా ఉంది. పుస్తకంలో తప్పు రాయడం నాకు చేతకాదు. నోటితో చెప్పడం చేతనైంది.

"పుస్తకం సరిగ్గానే ఉండాది," అని మూశాడు.

గిటారు తీగలు విప్పి చుట్టలు చుట్టి జేబులో వేసుకున్నాడు. ఒంటిని రంపం ముందు పెట్టి కూలీని కోయమన్నాడు. "నా చేత కాదునా," అని వాడు పక్కకు జరిగాడు. అన్నే కోశాడు. ఒళ్లు నాలుగు ముక్కలు, మెడ మూడు.

నాయన కోరుకున్నట్టే అన్న మిల్లులోనే ఉండిపోయాడు. అయితే ఆ సోమవారం తరవాత ఏ చెక్కనూ తట్టలేదు. కొనేవాళ్లు వచ్చి, "ఈ దుంగ ఎట్లుందినా?" అంటే, "నాకు తెలవదప్పా. మీరే చూసుకోండి," అనేవాడు. అట్లా చెప్పే మనిషి దగ్గర కలప ఎవరు కొంటారు? 1974లో, నాయన కళ్లముందరే, రంపం ఇచ్చేసి కట్టెల డిపో పెట్టాడు. ఎందుకని అడిగితే, "కట్టెకు తూకం చాలు," అన్నాడు.

నాతో మాట్లాడకపోలేదు. పండక్కి చీర తెచ్చేవాడు. నా మొదటి కాన్పుకు రెండు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. కానీ పాపా అనడం మానేశాడు. ఏమ్మా అనేవాడు, డిపోకు వచ్చే ఆడవాళ్లందరినీ అన్నట్టే. తుమ్మ అని కూడా అనలేదు.

1991లో నాయన పోయాడు. పదకొండో రోజు పని అయ్యాక, చాపలు చుడుతున్న అన్న దగ్గరికి పోయి చెప్పాను. "నాయన చెప్పమన్నాడన్నా. అందుకే అట్ల చెప్పినా."

చాప చుట్టడం ఆపలేదు. "నాయనకు చదవను రాదు గదమ్మా," అన్నాడు. "నువ్వు నోరు తెరవాల్సిన పని కూడా లేదు. పుస్తకం నా దిక్కు తిప్పింటే చాలు."



పోయిన వాటి లెక్క రాస్తున్నాను. పెనుకొండ పనస మూత ఒకటి. బీటె చెక్క, ముప్పై తొమ్మిది అంగుళాలు. ఇత్తడి మెట్లు ఇరవై. సెప్టెంబరు 26 నుంచి ఏప్రిల్ 16 దాకా రెండు వందల రెండు రోజులు. బెంగళూరులో ఒక మనిషి నిలబడే చోటు. హిందూపురంలో చెక్క గొంతు తెలిసిన చెవి ఒకటి. పాపా అనే పిలుపు, యాభై తొమ్మిదేళ్లు.